కెమెరా తెరుచుకోని ట్యాబ్

బడి ఇచ్చిన ట్యాబ్ ఇంట్లో ఉంటే, "మీ ఐటీ అడ్మిన్ దీన్ని బ్లాక్ చేశారు" అన్న మాట మీరూ ఎప్పుడో చూసే ఉంటారు. మాకు దసరా సెలవులయ్యాక ఎదురైంది.

మా పాప ఏడో తరగతి. హోంవర్క్ నోట్‌బుక్‌లో రాసి, ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఆ వారం మూసీ నది పటం గీయమన్నారు. మేముండేది వికారాబాద్‌లో, మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు మాకు పక్కనే. అందుకే ఇష్టంగా కూర్చుని, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా గీసింది. ఫొటో తీద్దామంటే కెమెరా తెరుచుకోలేదు. మూడు రోజులు అంతే. నాలుగో రోజు డైరీలో "సాకులు చెబుతోంది" అని రాసి పంపారు.

"నేనేం ముట్టుకోలేదమ్మా" అని ఒకటే ఏడుపు. హోంవర్క్ సంగతి తర్వాత, ముందు పిల్ల మాట నిజమని తేలాలి కదా!

మా ఆయన ట్యాబ్ ఆపి వేసి చూశారు. యాప్‌కు కెమెరా అనుమతి ఉంది. టైపు చేసిన జవాబులు వెళ్తున్నాయి. మామూలు కెమెరా నొక్కినా అదే మాట. అంటే లోపం నెట్‌లోనూ లేదు, యాప్‌లోనూ లేదు.

బడికి ఫోన్ చేస్తే టీచర్ "హోంవర్క్ కోసం కెమెరా ఇచ్చాం కదండీ" అన్నారు. కంప్యూటర్ సార్ "పరీక్షలప్పుడే ఆపుతాం" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

వెనక వీధిలో పాప క్లాసు బాబు ఉన్నాడు. వాళ్లమ్మా నేనూ రెండు ట్యాబులూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. అదే మోడల్, అదే ఆండ్రాయిడ్, అదే యాప్. వాడి కెమెరా పనిచేస్తోంది. "నువ్వు చేసి, వాడు చేయనిదేంటే?" అని అడిగాను. "నేను ఒలింపియాడ్ రాశా, వాడు రాయలేదు" అంది. అక్కడ దొరికింది.

బడివాళ్లు ట్యాబులను గ్రూపులుగా పెట్టి, గ్రూపుకో నియమం పంపుతారు. హోంవర్క్ గ్రూపు కెమెరా వాడుకోమంటుంది, పరీక్ష గ్రూపు మూసేయమంటుంది. పాప పేరు రెండింట్లోనూ ఉండిపోయింది. ఇలా రెండు మాటలు వస్తే ఆండ్రాయిడ్‌లో కెమెరా విషయంలో వద్దన్న మాటే నెగ్గుతుంది. భద్రత కోసం అలా చేశారు. మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్ లాంటి వాటిలో రెండు ప్రొఫైళ్లకు పొసగకపోతే అడ్మిన్‌కు 'కాన్‌ఫ్లిక్ట్' అని చూపిస్తుంది. ఏది ఉంచాలో మనిషే తేల్చాలి.

"పరీక్ష గ్రూపులో మా పాప పేరు ఇంకా ఉందేమో చూడండి సార్" అని అడిగితే ఉందన్నారు, తీసేశారు. అయినా వెంటనే తెరుచుకోలేదు. కొత్త నియమం నెట్ ద్వారా ట్యాబ్‌కు చేరాలి. వైఫై పెట్టి, సింక్ నొక్కి, ఓసారి ఆపి వేస్తే కెమెరా వచ్చింది. మూసీ పటం వెళ్లింది. డైరీలో టీచర్ పాత మాట కొట్టేసి సంతకం పెట్టారు.

మీకూ ఇలా అయితే కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ జోలికి పోకండి, మళ్లీ బడివాళ్లే అమర్చాల్సి వస్తుంది. తెర మీది మాటను మీ ఫోన్‌తో ఫొటో తీయండి. అదే క్లాసు పిల్లల ట్యాబ్‌తో పోల్చండి. మన పిల్ల పేరు ఏయే గ్రూపుల్లో ఉందో అడగండి. అంతవరకు పిల్ల మాట నమ్మండి.