ఎవరి శ్రుతి వారిది



పాడుట మన గృహములయందు క్రొత్త విద్య కాదు. ఉయ్యాలకడ జోలపాట, పేరంటమున మంగళహారతి, ఆశ్వయుజమున బతుకమ్మ పాట — వీనికి ప్రక్కవాద్యము లేదు. నలుగురు స్త్రీలు గూడినచోట ఎవరు ముందుగా పాట నెత్తుకొందురో వారి శ్రుతియే తక్కినవారికి శ్రుతి. అది హెచ్చైనచో రెండవ చరణమునకు దించి యెత్తుకొందురు; ఎవరును తప్పు పట్టరు. ఇప్పుడో, పాడువారికంటె ముందు వాద్యమే వచ్చి కూర్చున్నది. అది తన శ్రుతిని దానే నిర్ణయించుకొని, "నాతో బాడుము, లేకున్న నూరకుండుము" అనుచున్నది. దానికే కరోకే యని పేరు.

ఇది జపాను భాషలోని మాట. 'కర' యనగా శూన్యము. 'ఓకే' యనునది ఆర్కెస్ట్రా యను శబ్దమునకు హ్రస్వరూపము. పాడువాడు లేని వాద్యగోష్ఠి యని తాత్పర్యము. కోబే నగరమున మద్యశాలలలో వాద్యము వాయించి జీవించుచుండిన దైసుకే ఇనోయే యనునాతడు 1971వ సంవత్సరమున, నాణెము వేసినచో వాద్యము వినిపించు పెట్టెను నిర్మించి అద్దెకిచ్చెను. అంతకు ముందు ఒక ఖాతాదారు తనతో ప్రయాణమునకు వచ్చి వాయింపుమని వేడగా, తాను వెళ్లజాలక, తన వాయింపును టేపుపై నింపి యిచ్చెను. ఈ వృత్తాంతమున గమనింపదగిన దొక్కటి గలదు. ఆ టేపు ఒక్క మనుష్యుని కొఱకు చేయబడినది. తరువాతి డిస్కులు లోకమున కంతకును ఒక్కటే కొలతగా తయారైనవి. కొలతలిచ్చి కుట్టించుకొన్న రవికకును, అంగడిలో దొరకు రవికకును గల భేదమే యిది.

మేము దిల్‌సుఖ్‌నగరున నుందుము. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. విజయవాడ దారి వెంబడి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి. నగరు వఱకు సాగిన యీ ప్రాంతమున నల్లగొండ మొదలగు జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు పెక్కు. కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములకు మా పేట పేరు వడసినది. 2018లో మెట్రో వచ్చిన పిదప సాయంకాలము స్టేషను మెట్లన్నియు భుజమున సంచులు దగిలించుకొన్న యువతీయువకులతో నిండిపోవుచున్నవి. ఇక అపార్టుమెంట్లలో గణపతి యుత్సవములకును, నవరాత్రులకును స్పీకరు పెట్టి కరోకేతో బాడుట పరిపాటియైనది.

మా అత్తగారు చిన్ననాడు నల్లగొండ జిల్లాలోని తమ యూర నాలుగేండ్లు సంగీతము నేర్చిరి. వర్ణముల వఱకు వచ్చినది. పిదప వివాహము, సంసారము. అయినను వంటయింట వారి పాట యాగలేదు. 1963లో వచ్చిన లవకుశ చిత్రమున సుశీల, లీలగార్లు కుశలవులకై పాడిన పాటలన్నియు వారికి కంఠస్థములు. రెండేండ్ల క్రిందట నవరాత్రులలో ఇరుగుపొరుగువారు కోరగా, వానిలో నొకటి డిస్కుతో బాడిరి. పల్లవి బాగుగనే సాగినది. చరణమున స్వరము పైకి బోవుసరికి అఱువదిరెండేండ్ల కంఠము చీలినది. వాద్యమాగలేదు, అది యెవరికొఱకు నాగును? వెనుక వరుసలో నెవరో నవ్విరి. అత్తగారు మైకు నచ్చట నుంచి, చెఱగుతో మొగము దుడుచుకొని, మెట్లు దిగి వచ్చిరి.

ఆనాటినుండి మా యింట పాట నిలిచినది. శుక్రవారపు హారతి నేనే పాడవలసి వచ్చినది. "మీరు పాడుడత్తయ్యా" యని యడిగినచో, "నా గొంతు పోయినదమ్మాయీ. ఎప్పుడో పోయినది, ఆనాడు నలుగురికిని దెలిసినది" అనిరి. వంటయిల్లు నిశ్శబ్దమైనచో ఇల్లంతయు నెట్లుండునో నాకప్పుడు తెలిసినది.

వారి గొంతు పోలేదని నా నమ్మకము. మా తాతగారు నాకు ఇంటియొద్ద శాస్త్రగ్రంథములు కొంత చదివించిరి. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున నాదమునకు మూడు స్థానములు చెప్పబడినవి: హృదయమున మంద్రము, కంఠమున మధ్యము, శిరస్సున తారము. ఇవి యెవరి దేహమున వారికి గలవు. వేఱొకరి దేహముతో గొలువబడునవి కావు. అందుచేతనే మన సభలలో తంబురాను పాడువారి కంఠమునకు సరిచేయుదురు గాని, పాడువారిని తంబురాకు సరిచేయరు. పురుషులు సాధారణముగా ఒకటి మొదలు రెండు శ్రుతి వఱకును, స్త్రీలు నాలుగున్నర మొదలు ఆఱు వఱకును బాడుట వాడుక. ముట్లుడిగిన పిదప స్త్రీల కంఠము కొంత దిగుట దేహధర్మము. పాడినన్నాళ్లు తంబురా బిరడా మన చేతిలో నుండెను గనుక ఆ దిగుట యొక లోపముగా నెవరికిని దోపలేదు. డిస్కు వచ్చి యా బిరడాను మన చేతినుండి లాగికొన్నది.

ఈ మాట మా మఱిదితో ననగా, "వదినా, దీనికిని బిరడా గలదు, త్రిప్పి చూపెద" ననెను. అతడు మా పేటలోనే కంప్యూటరు శిక్షణ పొందుచున్నాడు.

మొదటి పని డిస్కునుండి పాటను దీయుట. మా ప్రక్కింటి యామె యొకప్పుడు డిస్కులోనివి పెన్‌డ్రైవులోనికి నకలు చేసికొని, ఒక్కటియు మ్రోగలేదని వగచినది. ఏలయన, పాటల డిస్కును దెఱచినపుడు విండోసు కంప్యూటరులో గనబడు 'సీడీఏ' దస్త్రములు పాటలు కావు. పాట యెచ్చట నారంభమగునో తెలుపు సూచికలు. ఒక్కొక్కటి 44 బైట్లు మాత్రమే. విషయసూచిక చింపి తెచ్చుకొన్నంతన గ్రంథము చేతికి వచ్చునా? పాటను దీయుటకు వేఱు సాధనములున్నవి. దానిని 'రిప్' చేయుట యందురు. విండోస్ మీడియా ప్లేయరు ఆ పని చేయును. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ యనునది గీతలు పడిన డిస్కును మఱల మఱల చదివి పోల్చి చూచును. ఇప్పటి ల్యాప్‌టాపులలో డిస్కు పెట్టుటకు చోటుండదు గనుక మా మఱిది యూఎస్‌బీ డ్రైవు నొకటి యెరువు తెచ్చెను. డిస్కుపై శబ్దము సెకనునకు 44,100 కొలతలుగా వ్రాయబడియుండును. మూడు నిమిషముల పాట సుమారు 32 మెగాబైట్లగును. తెఱపై సాహిత్యము జూపు డిస్కులలో అక్షరములు వేఱుగా నుండును గనుక, శబ్దమును మాత్రము దీసినచో అవి వెనుకనే నిలిచిపోవును. మా అత్తగారికి వానితో బనిలేదు.

రెండవ పని శ్రుతి నిర్ణయము. హార్మోనియముపై వెదుకగా డిస్కు షడ్జమము అయిదున్నర. మఱి అత్తగారిదో? పాడుడన్న వారు పాడరు. మా పాపను నిద్రపుచ్చుచు పెదవి విప్పక తీయు కూనిరాగమును తలుపు చాటునుండి విని చూచితిని. అది నాలుగు. అయిదున్నర నుండి అయిదు, నాలుగున్నర, నాలుగు — మూడు మెట్లు. ఈ మెట్టునే సెమిటోను అందురు, స్థాయికి పండ్రెండు.

మూడవ పని బిరడా త్రిప్పుట. 2000లో వెలువడిన ఆడాసిటీ యను ఉచిత సాఫ్ట్‌వేరులో పాటను దెఱచి, 'చేంజ్ పిచ్' అనుదాని నొత్తి, సెమిటోన్లకడ ఋణచిహ్నముతో 3 వ్రాసెను. కంపనములు నూటికి సుమారు 16 వంతులు తగ్గినవి. పాట నిడివి మాత్రము మారలేదు. టేపురికార్డరు బ్యాటరీ నీరసించినపుడు పాట సాగి, గొంతు బొంగురై వినబడుట మనమెఱిగినదే. అచ్చట వేగమును శ్రుతియు గలసి దిగును. ఆ రీతిని దించినచో 3 నిమిషముల పాట 3 నిమిషముల 34 సెకనులగును. కంప్యూటరు శబ్దమును చిన్న తునకలుగా గోసి, అంచుపై అంచు వచ్చునట్లు అతికి, వేగమును నిలిపి శ్రుతిని మాత్రమే దించును.

మావారు దీనిని జూచి, "ప్రశ్నపత్రమును సులువు చేసి యుత్తీర్ణులమైతిమనుట కాదా?" యనిరి. "పొట్టి పిల్లవానికి నల్లబల్ల యందనిచో బల్లను దించుదురా, పిల్లవానికి సున్న వేయుదురా? లెక్క యదియే గదా!" యంటిని. తాళమదియే, సంగతు లవియే, ఊపిరి యెంత పట్టవలెనో అంతయు నదియే. మారినది అందుబాటు మాత్రమే. వారు నవ్వి యూరకుండిరి.

ఒకనాటి మధ్యాహ్నము ఏమియు జెప్పక ఆ పాటను వంటయింట బెట్టితిని. అత్తగారు బియ్యమేరుచు, "ఇది యా డిస్కే కాదా? నేడేమో నెమ్మదిగా నున్నది" అనిరి. పల్లవి రెండవసారి వచ్చునప్పటికి పెదవులు గదలినవి. చరణమున స్వరము పైకి బోయినది, వారును బోయిరి. గొంతు చీలలేదు. పాట ముగిసిన పిదప చేటవంకనే చూచుచు, "అమ్మాయీ, ఇంకొక్క మెట్టు దించినచో హాయిగా నుండునేమో వానినడుగుము" అనిరి. ఆ శుక్రవారము హారతి వారే పాడిరి. మైకు ముందు మఱల నిలుతురో లేదో నేనడుగలేదు.

ఈ పనిని దలపెట్టు సోదరీమణులకు కొన్ని మాటలు. రెండు మూడు మెట్లు మార్చిన శబ్దము చెడదు. అయిదాఱు మార్చినచో తబలా కుండవలెను, వయొలిను వేఱేదో వాద్యమువలెను వినబడును. అందుచే పురుషులు పాడిన పాట వాద్యమును స్త్రీలకు సరిచేయుట యంత సులభము కాదు. మార్చినదానినే మఱల మార్చక, ప్రతి పర్యాయమును మూలప్రతినుండియే మార్చవలెను. కొనిన డిస్కును సొంత వాడుకకు ఇంటిలో నిట్లు చేసికొనుటకును, నకళ్లు తీసి యమ్ముటకును జాల భేద మున్నది; 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనున సొంత వాడుకను గూర్చిన మినహాయింపు గలదు, అమ్మకమునకు లేదు.

అన్నిటికంటె ముందు మీ శ్రుతిని మీరు తెలిసికొనుడు. శ్రుతిపెట్టె ముందు గూర్చుండి, క్రింద మంద్ర పంచమమును పైన తార పంచమమును ఎచ్చట శ్రమలేక యందునో చూచుకొనుడు. ఆ సంఖ్యను పుస్తకమున వ్రాసి యుంచుడు; కొన్నియేండ్లకు మఱల చూచుకొనుడు, అది మారవచ్చును. "నాకు గొంతు లేదు" అని పాట విడిచిన తల్లులు, అత్తలు, అక్కలు మన యిండ్లలో నెందఱో కలరు. వారిని బాడుడని బలవంతపెట్టుటకు ముందు, వారు పాడలేకపోయినది ఎవరి శ్రుతిలోనో యొక్కసారి విచారింపుడు.