కారు ఇంజనుకు ఏ ఆయిలు పోయించాలి?

ఈ రోజుల్లో మన పల్లెల్లో కూడా కారు ఉన్న ఇళ్ళు పెరిగాయి. కొత్తది కొనలేనివారు పాతదైనా కొనుక్కుంటున్నారు. పప్పు, బియ్యము పదిసార్లు చేతిలో పోసికొని చూచి కొనే మనము, కారు ఇంజనులో పోయించే ఆయిలు దగ్గరకు వచ్చేసరికి మాత్రము షాపువారు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా తెచ్చుకొంటున్నాము. ఈ సంగతి మా ఇంట్లో పెద్ద చర్చకే వచ్చింది గనుక, మేము తెలిసికొన్న నాలుగు మాటలు ప్రియ పాఠకులకు చెప్పాలని వ్రాస్తున్నాము.

మాది తెనాలి ప్రాంతములో ఒక పల్లె. మా నాన్నగారికి కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్ కొరకు గుంటూరు తీసికొని వెళ్ళవలసి వచ్చింది. రానుపోను 70 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు బస్సులో కూర్చునే ఓపిక ఆయనకు ఉండదు. అందుచేత మేము అన్నదమ్ములము ఇద్దరము కలిసి ఒక పాత పెట్రోలు కారు కొన్నాము. అప్పటికే అది 80,000 కిలోమీటర్లు తిరిగియున్నది. సోమవారము, గురువారము ఆ బండి కదలకపోతే అది మాకు చిన్న ఇబ్బంది కాదు. ఇంజను పట్టేస్తే బాగుచేయించే డబ్బు మా రెండు ఇళ్ళలోనూ లేదు.

ఆయిలు మార్పించే సమయము వచ్చినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క సలహా చెప్పారు. మా ఊరి మేస్త్రీ మా చిన్నప్పటి నుండి బండ్లు బాగుచేస్తున్న పెద్దాయన. “బాబూ, మన ఎండలకు పల్చని ఆయిలు నిలవదు. 20-50 పోయించండి. పాత ఇంజను గదా, చిక్కగా ఉంటేనే పట్టుకొంటుంది” అన్నాడు. హైదరాబాదులో ఉండే మా బావగారు ఫోనులో, “అన్నిటికంటె ఖరీదైనది పోయించండి, ఇక ఆలోచించవద్దు” అన్నారు. ఈ మాటలన్నీ విని మా అమ్మ, “ఆ కారు చేసినవాళ్ళు ఏమి పోయమన్నారో ముందు చూడండిరా” అన్నది. కారుతో బాటు ఇచ్చిన పుస్తకము డాష్‌బోర్డు అరలో అలాగే ఉన్నది. అందులో “5డబ్ల్యు-30, ఎ.పి.ఐ. ఎస్.ఎమ్. గాని, అంతకు పై తరగతి గాని” అని ఉన్నది.

ఈ అంకెలు చూచి భయపడనక్కరలేదు. ఇవి ఆయిలు చిక్కదనమును తెలిపే గుర్తులు. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము, అంటే ఎస్.ఎ.ఇ., 1911లో ఈ కొలతలు మొదలుపెట్టింది. డబ్ల్యు అంటే ఇంగ్లీషులో చలికాలము. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే, చల్లగా ఉన్నప్పుడు ఆ ఆయిలు అంత సులువుగా పారుతుంది. వెనుక ఉన్న అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిలు ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. కాబట్టి 5డబ్ల్యు-30 కంటె 20డబ్ల్యు-50 చల్లగా ఉన్నప్పుడూ చిక్కనే, వేడిలోనూ చిక్కనే.

మరి చిక్కగా ఉంటే మంచిదే గదా అని అనిపిస్తుంది. రాత్రంతా నిలిచిన బండిలో ఆయిలు క్రిందనున్న చాంబరులోనికి దిగిపోతుంది. తెల్లవారి తాళము తిప్పగానే ఆయిలు పంపు దానిని సన్నని దారుల గుండా పై వాల్వుల వరకు ఎక్కించాలి. అది చేరే వరకు ఇనుము ఇనుముతో దాదాపు పొడిగానే రాసుకొంటుంది. కొత్త తరహా ఇంజన్లలో భాగముల మధ్య సందు చాలా తక్కువ, ఆయిలు దారులు సన్నము. అక్కడ చిక్కని ఆయిలు ఆలస్యముగా చేరుతుంది. పెట్రోలు కూడా కొంత ఎక్కువ త్రాగుతుంది.

ఎండల మాట కూడా ఆలోచించాము. మన వైపు వేసవిలో 45 డిగ్రీలు కూడా చూస్తున్నాము. అయితే బయట ఎండ ఎంత ఉన్నా, వేడెక్కిన ఇంజనులో నీళ్ళ వేడి సుమారు 90 డిగ్రీల దగ్గర ఉండేటట్లు థర్మోస్టాట్ అనే చిన్న పరికరము చూచుకొంటుంది. పైగా చాలా బండ్ల పుస్తకములలో ఏ వాతావరణమునకు ఏ నంబరో ఒక పట్టీ కూడా ఇస్తారు. వేడి ప్రాంతములకు మరికొంత చిక్కనిది పోయవచ్చునని అందులో ఉంటే నిరభ్యంతరముగా పోయవచ్చును. లేకపోతే మన ఊహతో పోయకూడదు.

ఇక ఎ.పి.ఐ. అక్షరములు. ఎస్. తో మొదలైతే పెట్రోలు ఇంజనుకు, సి. తో మొదలైతే డీజిలు ఇంజనుకు. రెండవ అక్షరము ముందుకు పోయే కొద్దీ కొత్త తరగతి. ఎస్.ఎన్. 2010లో వచ్చింది, ఎస్.పి. 2020లో వచ్చింది. ఎస్.ఎమ్. అడిగిన మా బండికి ఎస్.ఎన్. పోయవచ్చు, ఎస్.పి. పోయవచ్చు; ఎస్.పి. అడిగిన బండికి ఎస్.ఎమ్. పోయకూడదు. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్.-6 డీజిలు కారు ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. చాలా వాటి పొగగొట్టములో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలు పోయకపోతే ఆ ఫిల్టరు మూసుకొనిపోతుంది.

మా బావగారి మాట సంగతి చెప్పాలి. సింథటిక్ ఆయిలు వేడికి బాగా ఓర్చుకొంటుంది, అది నిజమే. పుస్తకము అదే కావాలంటే అదే పోయించాలి. అయితే ఖరీదు ఎక్కువ పెట్టినా నంబరు తప్పితే ఆ డబ్బు వృథాయే. ఖరీదైనది పోశాము గదా అని మార్చే గడువు దాటించడము కూడా మంచిది కాదు.

మిగిలినది మేస్త్రీతో చెప్పడము. ఇంగ్లీషు చదువు రాని పెద్దాయన. నలుగురిలో కాదని అంటే నొచ్చుకుంటాడు. సాయంత్రము ఒంటరిగా ఉన్నప్పుడు పుస్తకము తీసికొని వెళ్ళి, ఆ పట్టీని తెలుగులో చదివి వినిపించాము. ఆయన శ్రద్ధగా విని, “నేను పని నేర్చుకొన్నది అంబాసిడర్ల మీద, జీపుల మీద బాబూ. వాటికి చిక్కనిదే పోసేవాళ్ళము. ఇది వేరు ఇంజను” అన్నాడు. ఆయన మాటలో అబద్ధము లేదు. ఆయన ఎరిగిన ఇంజన్లకు అది తగినదే. ఆ రోజు ఆయన చేతనే 5డబ్ల్యు-30 పోయించాము, ఫిల్టరు కూడా మార్పించాము.

మన పల్లె కుటుంబములు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆదివారము మందిరమునకు, ఎప్పుడైనా పెండ్లికి మాత్రమే తీసే కార్లు మన మధ్య చాలా ఉన్నాయి. “మా బండి ఎక్కడ తిరిగింది, ఆయిలు ఎందుకు మార్చాలి” అంటారు. రెండు మైళ్ళు నడిపి ఆపివేసే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. అందువలన లోపల చేరిన చెమ్మ, పచ్చి పెట్రోలు ఆవిరైపోక ఆయిలులోనే మిగులుతాయి. అందుకే పుస్తకములో కిలోమీటర్లతో బాటు నెలలు కూడా వ్రాస్తారు. రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. దుమ్ము దారులలో తిరిగే బండికి గడువు ఇంకా తక్కువ.

ఆయిలు నల్లబడింది గనుక పాడైందనుకోవడము కూడా సరి కాదు. లోపలి మసిని కడిగి తనలో పెట్టుకోవడము దాని పనులలో ఒకటి. చూడవలసినది మట్టము. బండిని చదునైన చోట ఆపి, కొన్ని నిమిషములు ఆగి, గేజి కడ్డీని తీసి తుడిచి, మరల పెట్టి తీస్తే రెండు గుర్తుల మధ్య ఆయిలు కనబడాలి. తక్కువైతే ఇంజనుకు ప్రమాదము. మరీ ఎక్కువైతే చిలికి నురగవుతుంది, అదీ ప్రమాదమే.

డబ్బా కొనేటప్పుడు సీలు చూచి, బిల్లు అడిగి తీసికొనండి. ఖాళీ డబ్బాకు రంధ్రము చేసి పారవేయండి. లేకపోతే అందులో నాసిరకము నింపి మరల అమ్మే అవకాశము ఉన్నది. కారు ఆయిలు మిగిలింది గదా అని మోటారు సైకిలులో పోయవద్దు. చాలా సైకిళ్ళలో క్లచ్చి ఆ ఆయిలులోనే తిరుగుతుంది. కారు ఆయిలుతో అది జారవచ్చు. తీసిన పాత ఆయిలును కాలువలోనో చెరువు గట్టునో పోయవద్దు. దానిని సేకరించేవారికి ఇచ్చే మెకానిక్కు షెడ్డులో అప్పగించండి.

రెండేండ్లుగా నాన్నగారి ప్రయాణము ఒక్క వారము కూడా ఆగలేదు. ఇదంతా ఆయిలు వలననే అని మేము చెప్పము. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక చీటీ మీద వ్రాసి బానెట్టు లోపల అంటించడము మాత్రము మానలేదు. మీ బండి పుస్తకము పోయినదా? బండి పేరు, తయారైన సంవత్సరము చెబితే ఆ కంపెనీ సర్వీసు సెంటరువారు నంబరు చెబుతారు. అడిగి ఒక కాగితము మీద వ్రాసికొని, ఆ తరువాతనే షాపుకు వెళ్ళండి.