లోకం మారితే మనిషి మారతాడా?

ఫలక్‌నుమాలో లోకల్ ఎక్కితే హైటెక్ సిటీ చేరేలోపు రెండు ఎపిసోడ్లు హాయిగా అయిపోతాయి. అలా లాగించేసిందే 'ముషోకు టెన్సెయ్' (2021) మొదటి సీజన్, మొత్తం 23 ఎపిసోడ్లు.

ఉద్యోగం లేక, ఏళ్ళ తరబడి గది దాటని 34 ఏళ్ళవాడొకడు లారీ గుద్ది పోయి, మంత్రాలుండే మరో లోకంలో రూడియస్‌గా పుడతాడు. పాత జ్ఞాపకాలన్నీ భద్రం. 'మూగ మనసులు' (1964), 'మగధీర' (2009) చూసినవాళ్ళకి పునర్జన్మలు కొత్తా అనుకున్నా. కాకపోతే మనవాళ్ళు ప్రేమని వెంట తెచ్చుకుంటే, వీడు భయాన్ని తెచ్చుకున్నాడు. బళ్ళో పడ్డ అవమానాలు గుర్తొచ్చి, అన్ని మంత్రాలు వచ్చి కూడా ఇంటి గేటు దాటాలంటే వణుకుతాడు. గురువు రాక్సీ గుర్రమెక్కించి బయటికి తీసుకెళ్ళే సీను కోసమైనా చూడాల్సిందే.

నచ్చనిదీ ఉంది. పిల్లాడి ఒంట్లో దూరిన ఆ పెద్దాడి వెకిలి బుద్ధిని కామెడీ చేసేశారు. నాకైతే మింగుడు పడలేదు. ఇంట్లో పిల్లల్ని పక్కన పెట్టుకుని మాత్రం చూడకండి.

నేనూ మూడు కంపెనీలు మారా. మీటింగులో నోరు తెరవాలంటే ఇప్పటికీ అదే వణుకు! అందుకే కాబోలు, ఆ గేటు సీను అంతగా తగిలింది. నా మార్కులు పదికి ఏడు. ఆ మూడూ ఎందుకు కోశానో పైన చెప్పాగా.