గడియకు మార్కులెన్ని?

జైసల్మేర్‌లో మేం దిగిన హోటల్ ఒక పాత హవేలీ. పసుపు రాతి గోడలు, నగిషీ చెక్కిన కిటికీలు. మేడ ఎక్కితే ఎదురుగా 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట. పర్యాటక కథనం కోసం 2017 చలికాలంలో నేనూ, మా ఫొటోగ్రాఫరూ అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. పక్కపక్క గదులు, ఒకటే అద్దె, ఒకే వంటగదిలో చేసిన దాల్ బాటీ. తిరుగు ప్రయాణం రోజు రిసెప్షన్‌లో ఇద్దరికీ చెరో అభిప్రాయ పత్రం ఇచ్చారు. ఆయన నిమిషంలో అన్నిటికీ ఐదుకు ఐదు వేసేశారు. నేను పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచనలో పడ్డాను.

నా గది తలుపు గడియ పడదు. మొదటి సాయంత్రమే ఆ సంగతి చెప్పాను. "పొద్దున్నే కార్పెంటర్ వస్తాడు మేడమ్" అన్నాడు గదులు చూసే కుర్రాడు, ఎంతో మర్యాదగా. రాత్రి పదకొండు దాటాక ఎవరో తలుపు తట్టారు. ఎవరని అడిగితే జవాబు లేదు. అడుగుల చప్పుడు మెల్లగా దూరమైంది. తన గది వెతుక్కుంటున్న మరో అతిథే కావచ్చు. కానీ ఆ 'కావచ్చు'ను నమ్ముకుని నిద్రపోవడం కుదరలేదు. తలుపుకు కుర్చీ అడ్డంపెట్టి, దాని మీద సూట్‌కేసు ఎక్కించి, లైటు ఆర్పకుండా పడుకున్నాను. మర్నాడు కార్పెంటర్ రాలేదు. రెండో రాత్రి కూడా ఆ కుర్చీయే కాపలా.

అభిప్రాయ పత్రంలో ఉన్నవి ఐదు ప్రశ్నలు: గది, భోజనం, శుభ్రత, సిబ్బంది మర్యాద, మళ్లీ వస్తారా? గది అందంగానే ఉంది. సిబ్బంది మర్యాదకు వంక పెట్టలేం. గడియ సంగతి రాయడానికి చోటు లేదు. ఎదురుగా మేనేజర్ నవ్వుతూ నిలబడ్డాడు. ఇంత చిన్నదానికి రాద్ధాంతం చేస్తోంది అనుకుంటారేమోనన్న బెరుకు. నేనూ నాలుగులు, ఐదులు వేసి, చివర 'అవును' అని టిక్కు పెట్టాను.

ప్రశ్నలు తయారుచేసే దగ్గరే సగం జవాబు ఖరారైపోతుందని రాజనీతిశాస్త్రం చదివే రోజుల్లో ఎన్నికల సర్వేల గురించి చెప్పేవారు. హోటళ్ల పత్రాలకూ అది వర్తిస్తుంది. సేవల నాణ్యతను కొలవడానికి పరశురామన్, జీథామల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు 1988లో ప్రచురించిన 'సర్వ్‌క్వాల్' అనే కొలమానాన్ని పర్యాటక రంగ అధ్యయనాల్లో విస్తృతంగా వాడుతున్నారు. అందులో 22 అంశాలు. అవి ఐదు గుణాల కిందికి వస్తాయి: కంటికి కనిపించే వసతులు, మాట నిలబెట్టుకోవడం, వెంటనే స్పందించడం, భరోసా, ఆత్మీయత. భరోసా కింద 'సురక్షితంగా ఉన్నట్టు అనిపించిందా' అన్న అంశం ఉంది. కాకపోతే అది సంస్థతో జరిపే లావాదేవీల గురించి, రాత్రి పదకొండు గంటలకు తలుపు గురించి కాదు.

స్త్రీలు, పురుషులు వేసే మార్కుల్లో తేడా ఉందా అని వెతికిన అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. కొన్నిటిలో తేడా కనిపిస్తుంది, కొన్నిటిలో కనిపించదు. నాకు ఆశ్చర్యం లేదు. నా పత్రాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ హోటల్లో స్త్రీ పురుష భేదం దాదాపు లేనట్టే.

తేడా స్వభావంలో ఉందనీ, ఆడవాళ్లు ప్రతిదానికీ వంకలు పెడతారనీ అంటుంటారు. ఆ ప్రయాణాన్నే చూడండి. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు దాదాపు 280 కిలోమీటర్లు. ఫొటోగ్రాఫర్ దారిలో మూడుచోట్ల టీ తాగారు. నేను ఒక్కచోటా తాగలేదు. సరైన మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియక మంచినీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాను. ఊరు చేరాక ఆయన "రోడ్డు అద్భుతం" అన్నారు. నాకు తలనొప్పి. కోటలో నేను ప్రశ్న అడిగితే గైడ్ ఆయన వైపు తిరిగి జవాబిచ్చాడు. హోటల్ బిల్లు అడిగింది నేను, తెచ్చి పెట్టింది ఆయన ముందు. ఇద్దరం ఒకే ధర చెల్లించాం. అందుకున్నది మాత్రం ఒకే సేవ కాదు.

గడియ సంగతి కారులో చెబితే ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అప్పుడే చెప్పాల్సింది మేడమ్, గదులు మార్చుకునేవాళ్లం కదా!" అన్నారు. అవును, మార్చుకునేవాళ్లం. తోడు మగమనిషి ఉంటే తీరిపోయే సమస్య అది. తోడు లేనివాళ్ల మాట?

ఆ ప్రశ్న నేను అడగలేదు, నన్నే ఒకరు అడిగారు. నా కథనంలో ఆ హోటల్ 'కుటుంబాలకు అనువైనది' అని రాశాను. కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. రాసినావిడ తెలంగాణలో స్కూల్ టీచర్. మా కథనం చదివి చెల్లెలితో కలిసి వెళ్లారట. కోట, ఎడారి, భోజనం అన్నీ నేను రాసినట్టే ఉన్నాయట. చివర రెండే ముక్కలు: "మాకిచ్చిన గదికి గడియ పడలేదు. మీరు గమనించలేదా?"

గమనించలేదని రాసి తప్పించుకోవచ్చు. కానీ గమనించాను, రెండు రాత్రులు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అయినా రాసేటప్పుడు అది 'నా' ఇబ్బందిలా కనిపించింది, హోటల్ లోపంలా కాదు. మేనేజర్ ముందు పడిన బెరుకే పాఠకుల ముందూ పడ్డాను. ఆమెకు క్షమాపణ చెబుతూ జవాబు రాశాను.

'అతిథి దేవోభవ' అని పర్యాటక శాఖ 2005లో పెద్దఎత్తున ప్రచారం మొదలుపెట్టింది. ఆపదలో ఉన్న పర్యాటకుల కోసం 1363 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. రెండూ అవసరమే. అయితే గడియ పడని తలుపు ఫోన్ చేసేంత ఆపద కాదు, ఫిర్యాదు రాసేంత చిన్న విషయమూ కాదనిపించదు. ఆ మధ్యలోనే మన నిద్రలేని రాత్రులన్నీ గడిచిపోతాయి.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా గదిలో అడుగుపెట్టగానే ముందు గడియ వేసి చూస్తాను. సరిగా లేకపోతే అప్పుడే గది మార్పించుకుంటాను. వెళ్లేటప్పుడు అభిప్రాయ పత్రం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపున రాస్తాను: గడియ, వరండాలో దీపం, దారిలో మరుగుదొడ్డి. ఆ మూడింటికీ మార్కులు కూడా నేనే వేస్తాను.