తోలు పని, రాగి పని

మా తాత చచ్చిన గొడ్డుని మోసేవాడు. మా చిన్నాన్న చచ్చిన టీవీల్ని మోస్తాడు. తరం మారింది. పంచాయతీగా ఉన్న జంగారెడ్డిగూడెం నగర పంచాయతీ అయింది. 2022లో మా జిల్లా మారి ఏలూరు అయింది. ఊళ్లో చచ్చినదాన్ని ఎత్తుకుపోవాల్సింది మాత్రం ఇప్పటికీ మా మాదిగపేటే.

పాత ఇనుం, పాత సామాన్లూ కొంటామని కేకేసుకుంటా చిన్నాన్న వీధులన్నీ తిరుగుతాడు. డబ్బా టీవీలు, కాలిపోయిన మిక్సీలు, చార్జర్లు, బటన్ ఫోన్లు తెస్తాడు. వైర్లని ఎర్రకాలువ గట్టున కాలుస్తాడు. పైతొడుగు కాలిపోయి రాగి మిగులుతుంది. రేటు రాగికే. ఆ నల్లపొగలో ఏముందో నేను బీఎస్సీ చదివాక తెలిసింది. పీవీసీ కాలితే డయాక్సిన్లు పుడతాయి. డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. చదువుకున్నాకే నాకు చిన్నాన్న దగ్గంటే భయం పట్టుకుంది. "తోలు కంపు కంటే నయంలేరా" అంటాడాయన.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఈ-వ్యర్థాల నిబంధనలు 2011లో రాశారు. 2012 మే 1 నుంచి అమలుచేశారు. 2016లో మార్చారు. 2022లో మళ్లీ రాసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టారు. 21 రకాల వస్తువులు 106 అయ్యాయి. సరుకు తయారుచేసి అమ్మిన కంపెనీయే అది పాతబడ్డాక కూడా బాధ్యత మొయ్యాలి. ఎట్లా మోస్తుందయ్యా అంటే, రిజిస్టరైన రీసైక్లరు దగ్గర సర్టిఫికెట్లు కొంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో లెక్క సరిపోతుంది.

ఇదంతా విడమరిచి చెప్తే చిన్నాన్న ఒక్కటే అడిగాడు: "అందులో నేనెక్కడున్నాన్రా?"

వెతికితే ఉన్నాడు. పాత సామాన్లు విప్పే కార్మికుల్ని గుర్తించి నమోదు చెయ్యాలి, పని నేర్పాలి, వాళ్ల ఆరోగ్యం, భద్రత చూడాలి, షెడ్లకి చోటివ్వాలి. ఇది రాష్ట్ర ప్రభుత్వం పని అని 2016లోనూ రాశారు, 2022లోనూ రాశారు.

ఆ పేజీ పట్టుకుని ఇద్దరం ఒక ఆఫీసుకెళ్లాం. గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, "పాతసామాన్లోళ్లకి రిజిస్టరేంటండీ మాస్టారూ" అని నవ్వాడు. నాకు కుర్చీ చూపించాడు. చిన్నాన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేనూ కూచోలేదు.

తోలు మా చేతుల్లో ఉన్నన్నాళ్లూ అంటు. ఫ్యాక్టరీకెళ్లాక పరిశ్రమ. ఇప్పుడు ఈ చెత్త మా చేతుల్లో ఉంటే నేరం. కంపెనీ చేతికెళ్తే సర్టిఫికెట్టు. పొగ ఆపాల్సిందే, కాదనను. అది ముందు దూరేది మా ఊపిరితిత్తుల్లోకే. కానీ పొగతోపాటు మమ్మల్నీ ఊడ్చేస్తామంటే ఒప్పుకోం. వైరు వొలిచే మిషనివ్వండి. చేతులకి తొడుగులివ్వండి. రిజిస్టర్లో మా పేర్లు రాయండి.

పేటలో ఈ పని చేసే తొమ్మిదిమందితో అర్జీ పెట్టించాను. ఎనిమిది వేలిముద్రలు, ఒక సంతకం. ఆ సంతకం చిన్నాన్నది, రాత్రిబడిలో నేర్చుకున్నాడు. రశీదు నా దగ్గరుంది. ప్రతి సోమవారం వెళ్లి అడుగుతున్నాం.