మళ్ళీ పల్లవి

పాటల పుస్తకాల్లో ప్రతి చరణం చివరా రెండేసి నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఒక్కటే వేసి వదిలేస్తారు చూడండి, అది నాకెప్పుడూ ఎవరో ప్రోగ్రామర్ రాసినట్టే ఉంటుంది. పైన ఒకసారి పూర్తిగా రాశాం, ఇక పేరు పెట్టి పిలిస్తే చాలు. వేరియబుల్ అంటే అంతే కదా.

ఈ మధ్య రాత్రిళ్ళు మా అత్తయ్య కీర్తనల నోటుబుక్కులు లిలీపాండ్‌లోకి ఎక్కిస్తున్నాను. 1996లో హాన్-వెన్ నీన్‌హాయిస్, యాన్ నీవెన్‌హాయిజెన్ అనే ఇద్దరు డచ్చివాళ్ళు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. మౌస్‌తో లాగడాలుండవు, కోడ్‌లా టైపు చేస్తే స్టాఫ్ నొటేషన్ పీడీఎఫ్‌గా వస్తుంది. ఎర్రగడ్డలో ఉంటూ అర్ధరాత్రి దాకా సరిగమలు కంపైల్ చేస్తున్నానంటే ఆఫీసులో ఏ జోకు పడుతుందో మీకు తెలుసు. మా పేటకి తెలుగు సినిమా చేసిన ఉపకారం అది.

అత్తయ్యకి డెబ్భై దాటాయి, పెద్దక్షరాల సాహిత్యం చాలు. డాలస్‌లో ఉన్న మనవరాలికి స్కూల్లో వయొలిన్ నేర్పుతున్నారు, స్టాఫ్ తప్ప చదవలేదు. అందుకని స్వరం ఒక ఫైలు, సాహిత్యం ఒక ఫైలు, ఫాంటూ కాగితం సైజూ ఇంకోటి. ఒక్కొక్కరి ప్రతికి ఒక బుల్లి ఫైలు. అందులో పాట ఉండదు, కావలసినవి ఇంక్లూడ్ చేసుకుంటుందంతే. స్వరం ఒకచోట దిద్దితే రెండు ప్రతుల్లోనూ మారుతుంది. పేర్లు తెలుగులోనే పెట్టాను, ఒప్పుకుంటుంది. అంకెలే పడవు: చరణం1 కుదరదు, చరణం_ఒకటి అనాలి. వాడేముందే పేరు నిర్వచించి ఉండాలి కూడా. ఇదేం కొత్త కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాల గుర్తులు ముందే వివరించి, తర్వాత వందల కీర్తనల్లో ఆ గుర్తులే వేసుకుంటూ పోయారు.

చిక్కంతా పల్లవి దగ్గరే. పుస్తకంలో ప్రతిసారీ అదే మాట, అవే గీతలు. అత్తయ్య గొంతులో మాత్రం అనుపల్లవి తర్వాత వచ్చే పల్లవి మొదటి పల్లవి కాదు. మొదట సంగతులన్నీ వరసగా వేస్తుంది. తర్వాత ఒకటో రెండో. చరణమయ్యాక ఒక్కోసారి ఎప్పుడూ వినని సంగతి.

"ఇక్కడ ఏది రాయను అత్తయ్యా?"

"ఆ పూటకి ఏది వస్తే అది రాయి."

స్కూల్లో చరరాశి అని చదువుకున్నాం గానీ, ఈ చరరాశి ఎన్నిసార్లు పిలిచినా పొల్లుపోకుండా ఒకేలా పలుకుతుంది. పైగా ఆ పిల్ల ఈ కాగితం చూసే నేర్చుకుంటుంది. నేను ఏ సంగతి ఎంచితే ఆ పిల్లకి అదే కీర్తన. అంత పెత్తనం నాకెందుకు?

పల్లవి వేరియబుల్ తీసేసి సంగతులకో ఫైలు పెట్టాను, ఒక్కోదానికి ఒక్కో పేరు. అత్తయ్య పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసి, కొత్తది వినపడితే చేరుస్తున్నాను. పదకొండయ్యాయి. మనవరాలి ప్రతిలో ఆ పదకొండూ చివరి పేజీలో వేశాను. చరణం తర్వాత స్టాఫ్ ఖాళీగా వదిలి, పైన పల్లవి మాట మాత్రం ఉంచాను.

ఆదివారం పొద్దున్నే ఫోను. "మామయ్యా, ఇక్కడ ఏం వాయించాలి?"

ఫోను అత్తయ్యకిచ్చాను. నానమ్మా మనవరాలూ అరగంట అదే పల్లవి మీద ఉన్నారు. పన్నెండోది దొరికింది, రాసుకున్నాను.