నోబెల్ వసీయత్‌లో కంప్యూటర్‌కు హిస్సా లేదు

మా కురిచేడులో ఇంటర్ అయిన పిల్లలు కంప్యూటర్ సైన్స్ సీటు కోసం దువాలు చేస్తారు. పెద్దలేమో ఆ చదువును తేలిగ్గా తీసిపారేస్తారు. 'అది నౌకరీ చదువు బేటీ, ఇల్మ్ కాదు. ఇల్మే అయితే దానికి నోబెల్ ఎందుకివ్వరు?' అని మా చాచా, ఒంగోలు ట్రిపుల్ ఐటీలో చదివే మా భతీజీని అడిగాడు. సవాల్ మంచిదే. దానికి జవాబ్ ఒక వసీయత్‌లో ఉంది.

ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబర్ 27న పారిస్‌లో తన ఆఖరి వసీయత్ మీద సంతకం చేశాడు. మన షరియత్‌లోలా మూడో వంతు హద్దు ఆయనకు లేదు, దాదాపు ఆస్తంతా ఇనామ్‌లకే రాసేశాడు. చుట్టాలు గొడవపడ్డారు కూడా! ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యం, సాహిత్యం, అమన్. ఇవి ఐదే. అప్పటికి కంప్యూటర్ పుట్టనేలేదు. లెక్కలు ఉన్నాయి గానీ వాటి పేరూ రాయలేదు. వసీయత్ సంగతి మనకు వేరే చెప్పాలా? అందులో పేరు లేనివాడు ఎంత లాయక్ అయినా గుమ్మం బయటే. 1968లో స్వీడన్ కేంద్ర బ్యాంకు నోబెల్ యాద్‌గార్‌గా అర్థశాస్త్రానికి ఇనామ్ పెట్టింది. ఆ తర్వాత కొత్తవేవీ చేర్చలేదు.

అందుకే కంప్యూటర్ వాళ్లు పక్కింటి గుమ్మంలోంచి లోపలికి వస్తుంటారు. 1975లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్న హెర్బర్ట్ సైమన్‌కు 1978లో నోబెల్ వచ్చింది, అర్థశాస్త్రంలో. చిప్ తయారుచేసిన జాక్ కిల్బీకి 2000లో ఫిజిక్స్. 2024లో హింటన్‌కు ఫిజిక్స్, హసాబిస్, జంపర్‌లకు కెమిస్ట్రీ. న్యూరల్ నెట్‌వర్క్‌లను ఫిజిక్స్ ఖాతాలో వేయడం నాకైతే కాస్త తమాషాగానే ఉంది.

ఇల్మ్ కాదంటారా? 'అల్గారిదం' అన్న మాటే తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్ ఆలిమ్ అల్ ఖ్వారిజ్మీ పేరులోంచి వచ్చింది. అల్‌జబ్ర్ మీద ఆయన రాసిన కితాబ్‌లో పెద్ద భాగం దేని గురించో తెలుసా? వసీయత్‌లు, విరాసత్ పంపకాలు! బీవీకి ఎంత, బేటాకు ఎంత, బేటీకి ఎంత అన్న హిసాబ్‌లే.

ఇక మనవాడి సంగతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజ్ రెడ్డికి 1994లో ఫైగన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆసియా నుంచి దాన్ని అందుకున్న మొదటి మనిషి ఆయనే. మనిషి మాటను మెషీన్‌కు అర్థమయ్యేలా చేయడం ఆయన పని. 1970లలో కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం చేసిన 'హార్పీ' సుమారు వెయ్యి మాటలు పోల్చుకునేది. ఇవాళ చదువురాని మా దాదీమా ఫోన్‌కు నోటితో చెప్పి నాత్‌లు పెట్టించుకుంటుంది. దీన్ని నోబెల్ ఏ ఖానాలో పెడతారు? ఫిజిక్స్ కాదు, కెమిస్ట్రీ కాదు, దవా అంతకన్నా కాదు.

సర్ సి.వి. రామన్ తస్వీర్ మన స్కూళ్ల గోడల మీద ఉంటుంది. రాజ్ రెడ్డిది నేనెక్కడా చూడలేదు. నాకు గుస్సా నోబెల్ వాళ్ల మీద కాదు, వాళ్లు ముహర్ వేస్తే గానీ సొంత మనిషిని గుర్తించని మన ఆదత్ మీద. ట్రిపుల్ ఐటీలను నడిపే విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ ఆయనే. మా భతీజీ ఆ పేరు మొదటిసారి విన్నది అక్కడికి వెళ్లాకే.